పీణ్య లేత్‌ల కింద ఇనుములో కలిసిపోతున్న టంగ్‌స్టన్

సంపాదకులు గారికి,

నమస్కారం. 2025 ఫిబ్రవరి 4న చైనా ప్రభుత్వం టంగ్‌స్టన్‌తో సహా ఐదు లోహాల ఎగుమతులకు అనుమతులు తప్పనిసరి చేసినప్పటి నుంచి మన పత్రికలలో ఈ లోహం పేరు తరచుగా కనబడుతోంది. ప్రపంచంలో ఏటా తవ్వి తీసే టంగ్‌స్టన్‌లో ఐదింట నాలుగు వంతులు ఆ ఒక్క దేశం నుంచే వస్తున్నప్పుడు మనవాళ్లు ఆందోళన పడడం సహజమే. అయితే ఇంతవరకు నేను చదివిన వార్తలూ వ్యాసాలూ దాదాపుగా అన్నీ గనుల చుట్టూనే తిరిగాయి. మధురై జిల్లా నాయకర్‌పట్టి బ్లాకును వేలం వేయడం, అరిట్టాపట్టి కొండలను కాపాడుకోవాలని అక్కడి ప్రజలు ఉద్యమించడం, 2025 జనవరిలో కేంద్రం ఆ వేలాన్ని రద్దు చేయడం గురించి వివరంగా రాశారు. రాజస్థాన్‌లో మూతబడిన డేగానా గని గురించీ, మనకు దగ్గరలోనే ఉన్న కోలారు బంగారు గనుల వ్యర్థపు దిబ్బలలోని షీలైట్ అనే టంగ్‌స్టన్ ఖనిజం గురించీ రాశారు. ఆ చర్చ అక్కర లేదని నేను అనను. కాని బెంగళూరులో చాలాకాలంగా పౌడర్ మెటలర్జీ, అంటే లోహపు పొడులతో వస్తువులు చేసే పనిలో ఉన్నవాడిగా, మీ పాఠకుల దృష్టికి రాని ఒక నష్టాన్ని వారి ముందు ఉంచాలనుకుంటున్నాను. విదేశీ మారకం పోసి దిగుమతి చేసుకున్న, ఇప్పటికే శుద్ధి అయిన టంగ్‌స్టన్‌లో గణనీయమైన భాగం లేత్ మిషన్ కింద చిప్స్‌గా, అంటే చెక్కినప్పుడు వచ్చే తురుముగా రాలి, మామూలు ఉక్కు చిప్స్‌తో కలిసి, పాత ఇనుము ధరకు బస్తాలలో వెళ్లిపోతోంది. ఆ నష్టాన్ని ఎందుకు ఆపాలో, ఎలా ఆపవచ్చో తెలియాలంటే ఆ లోహాన్ని ఎలా తయారు చేస్తారో కొంత చెప్పక తప్పదు.

లేత్ మీద చెక్కే ఈ టంగ్‌స్టన్ మిశ్రమాన్ని మేము హెవీ అలాయ్ అని పిలుస్తాము. అందులో తూకం ప్రకారం 90 నుంచి 97 శాతం టంగ్‌స్టన్ ఉంటుంది. మిగిలినది నికెల్, ఇనుము. కొన్ని రకాలలో ఇనుముకు బదులు రాగి, మరికొన్నింటిలో కోబాల్ట్ కలుపుతారు. ఘన సెంటీమీటరుకు 17 నుంచి 18.5 గ్రాముల సాంద్రత ఉండే ఈ లోహం సీసం కంటే ఒకటిన్నర రెట్లు, ఉక్కు కంటే రెండు రెట్లకు పైగా బరువు తూగుతుంది. యుద్ధట్యాంకుల కవచాన్ని ఛేదించే గుండ్ల కోసం తిరుచిరాపల్లిలో ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ కర్మాగారమే ఉన్నందువల్ల చాలామంది దీనిని రక్షణశాఖ సరుకుగా మాత్రమే తలుస్తారు. నిజానికి విమానాల రెక్కల తూకం సరిచేసే దిమ్మలూ, హెలికాప్టర్ బ్లేడ్లలో అమర్చే బరువులూ, లోతైన రంధ్రాలు తొలిచేటప్పుడు అదురు రాకుండా వాడే బోరింగ్ బార్లూ, క్యాన్సర్ ఆసుపత్రులలో రేడియేషన్ కిరణానికి కణితి ఆకారాన్ని ఇచ్చే కాలిమేటర్ పలకలూ దీనితోనే తయారవుతాయి. అసలు ఈ లోహం పుట్టిందే ఆసుపత్రి అవసరం కోసం. 1930ల నడుమ బ్రిటన్‌లో, క్యాన్సర్ చికిత్సకు వాడే రేడియం చుట్టూ సీసం కంటే పలుచగా, గట్టిగా ఉండే కవచం కావలసి వచ్చి దీనిని రూపొందించారు.

ఈ లోహాన్ని కరిగించి అచ్చులో పోస్తారన్నట్టుగా కొన్ని వార్తలలో రాశారు. టంగ్‌స్టన్ కరగడానికి 3422 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అన్ని లోహాలలోకీ అదే ఎక్కువ. అంతటి వేడిలో కరిగిన లోహాన్ని పట్టి ఉంచగల మూసగాని, అచ్చుగాని పారిశ్రామికంగా సాధ్యం కాదు. అందుచేత పని అంతా పొడితోనే సాగుతుంది. ముందుగా అమ్మోనియం పారాటంగ్‌స్టేట్ అనే తెల్లని లవణాన్ని కాల్చి పసుపుపచ్చని ఆక్సైడుగా మారుస్తారు. దానిని బోట్లు అనే లోహపు తట్టలలో పలుచగా పరచి, గొట్టపు ఫర్నేసులలో 600 నుంచి 1000 డిగ్రీల మధ్య హైడ్రోజన్ వాయువు పంపుతూ నడిపిస్తే ఆక్సిజన్ నీటి ఆవిరిగా వెళ్లిపోయి బూడిదరంగు టంగ్‌స్టన్ పొడి మిగులుతుంది. ఒక కిలో టంగ్‌స్టన్ దిగేసరికి దాదాపు 300 గ్రాముల నీరు ఆవిరై బయటికి పోవాలి. ఆ ఆవిరిని వెంటవెంటనే ఊడ్చివేయకపోతే రేణువులు లావెక్కిపోతాయి. అందుకే లెక్క ప్రకారం కావలసిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ హైడ్రోజన్‌ను పంపవలసి వస్తుంది. ఆక్సైడు మారకపోయినా, ఫర్నేసు మారకపోయినా, బోటులో పరచిన పొర కాస్త మందమైతే చాలు, బయటికి వచ్చే పొడి వేరుగా ఉంటుంది. డ్రమ్ము మీద అంటించిన సర్టిఫికెట్‌లో స్వచ్ఛత 99.9 శాతమని ఉన్నంత మాత్రాన రెండు డ్రమ్ముల పొడి ఫర్నేసులో ఒకే తీరుగా నడుచుకుంటుందనుకోవడం ఈ రంగానికి కొత్తగా వచ్చిన కొనుగోలు విభాగాల వారికి ఉండే భ్రమ.

ఈ పొడికి నికెల్, ఇనుము పొడులను సాధారణంగా 7:3 నిష్పత్తిలో కలుపుతారు. ఆ నిష్పత్తి వెనుక గట్టి కారణం ఉంది. నికెల్ మరీ ఎక్కువైతే నికెల్–టంగ్‌స్టన్ సమ్మేళనమూ, ఇనుము మరీ ఎక్కువైతే ఇనుము–టంగ్‌స్టన్ సమ్మేళనమూ రేణువుల సందులలో ఏర్పడతాయి. రెండూ పెళుసువే. ఈ సంగతిని మీ పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను, ఎందుకంటే చిప్స్ కలగాపులగమైతే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఇక్కడే ఉంది. కలిపిన పొడిని రబ్బరు సంచులలో నింపి, మూతి బిగించి, అధిక పీడనపు నీటి తొట్టిలో అన్ని వైపుల నుంచీ ఒకేసారి నొక్కుతారు. అలా వచ్చిన దిమ్మ చేత్తో పట్టుకోగలిగినంత గట్టిగా ఉంటుంది గాని, అందులో నూటికి నలభై పాళ్లు ఇంకా ఖాళీయే.

సింటరింగ్ అంటే ఆ ఖాళీని వేడితో పూడ్చడం. దిమ్మను హైడ్రోజన్‌లో నెమ్మదిగా వేడి చేస్తూ, దాదాపు 1000 డిగ్రీల దగ్గర కొంతసేపు ఆపి, రేణువుల మీద మిగిలిన ఆక్సైడు పొర పోయేదాకా ఆగాలి. ఇక్కడ తొందరపడితే రంధ్రాలు మూసుకుపోయాక లోపల పుట్టిన నీటి ఆవిరి బయటికి రాలేక బుడగలుగా ఉండిపోతుంది. తరువాత 1460 నుంచి 1500 డిగ్రీల మధ్యకు తీసుకువెళ్తే నికెల్, ఇనుము కలిసి ద్రవమై, టంగ్‌స్టన్ రేణువుల సందులలోకి పాకి, వాటిని దగ్గరకు లాగుతాయి. అంతకంటే విశేషమైనది ఆ తరువాత జరుగుతుంది. ఆ ద్రవంలో టంగ్‌స్టన్ కొంత కరుగుతుంది. చిన్న రేణువులు కరిగి, వాటి లోహం పెద్ద రేణువుల మీదకు చేరుతుంది. కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడితో మొదలుపెడితే చివరకు ముప్ఫై, నలభై మైక్రాన్ల గుండ్రటి రేణువులు కనబడతాయి. 1938లోనే ప్రైస్, స్మితెల్స్, విలియమ్స్ అనే ముగ్గురు రాగి–నికెల్–టంగ్‌స్టన్ మిశ్రమాన్ని పరిశీలించి ఈ తీరును వివరించారు. ద్రవం సమక్షంలో జరిగే సింటరింగ్ మీద నేటికీ విద్యార్థులు చదివేది ఆ వివరణనే.

ఇలా ఖాళీలు పూడే క్రమంలో దిమ్మ పొడవులోనూ, వెడల్పులోనూ ఆరో వంతు వరకు కుంచించుకుపోతుంది. అది అన్ని వైపులా సమానంగా జరిగితే చిక్కు లేదు. కాని టంగ్‌స్టన్ రేణువు తన చుట్టూ ఉన్న ద్రవం కంటే దాదాపు రెండు రెట్లు బరువైనది కాబట్టి రేణువులు కిందికి దిగుతాయి. ద్రవం కొంచెం ఎక్కువైనా, సమయం కొంచెం మించినా నిలువుగా ఉంచిన కడ్డీ అడుగు భాగం ఏనుగు పాదంలా ఉబ్బుతుంది. బరువు వల్లనే ఇలా అవుతోందా, మరేదైనా కారణం ఉందా అని తేల్చుకోవడానికి అమెరికన్ శాస్త్రవేత్త రాండల్ జర్మన్ బృందం 1990లలో కొలంబియా స్పేస్ షటిల్‌లో ఇదే మిశ్రమాన్ని సింటర్ చేయించింది. భారరహిత స్థితిలో అడుగు ఉబ్బడం లేదు నిజమే, కాని ద్రవం ఎక్కువగా ఉన్న నమూనాలు తమ ఆకారాన్ని నిలుపుకోలేక గుండ్రబడ్డాయి. రంధ్రాలు కూడా భూమి మీద పూడినంత బాగా పూడలేదు. అంతరిక్షానికి వెళ్లినా ఆకారం మీద మనకు పూర్తి అదుపు దొరకదన్నమాట.

అందువల్లనే మేము దిమ్మను కావలసిన కొలత కంటే పెద్దదిగా చేసి, తరువాత లేత్ మీద చెక్కుతాము. చిప్స్ కథ ఇక్కడ మొదలవుతుంది. 40 మిల్లీమీటర్ల వ్యాసం గల కడ్డీ కోసం 46 మిల్లీమీటర్ల దిమ్మను సింటర్ చేశామనుకుందాం. చుట్టూ మూడు మిల్లీమీటర్ల అదనం అంటే వినడానికి ఎంతో కాదు. కాని లెక్క వేస్తే ఆ దిమ్మ బరువులో దాదాపు నాలుగో వంతు చిప్స్‌గా రాలుతుంది. పది సెంటీమీటర్ల పొడవు ముక్కకే అది 700 గ్రాములు. వంకర లేని దిమ్మను చేయగల యూనిట్లు ఈ అదనాన్ని బాగా తగ్గిస్తాయి. కొత్తవారు, ఫర్నేసు మీద నమ్మకం కుదరనివారు ఇంకా పెంచుతారు. చెక్కుడు పని ఎక్కువగా సింటరింగ్ చేసిన చోట జరగదు. దిమ్మలు జాబ్‌వర్క్ కింద బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలోనో, చెన్నైలో అంబత్తూరులోనో ఉన్న చిన్న మిషన్ షాపులకు వెళ్తాయి. ఆ షాపులో పొద్దున ఉక్కు షాఫ్ట్, మధ్యాహ్నం హెవీ అలాయ్ కడ్డీ, సాయంత్రం ఇత్తడి బుష్ ఒకే లేత్ మీద ఎక్కుతాయి. కింద ట్రే ఒకటే. నేను ఎరిగిన ఒక షాపులో చిప్స్ బస్తా మామూలుకంటే ఎక్కువ బరువుందని కూలీలు విసుక్కునేవారే గాని, ఆ బరువుకు కారణమేమిటని ఎవరూ అడగలేదు. పాత ఇనుము కొనే వ్యాపారి మాత్రం మారు మాట లేకుండా ఎత్తుకుపోయేవాడు. ఇందులో షాపు యజమానిని నిందించి ప్రయోజనం లేదు. జాబ్‌వర్క్ ఆర్డరులో ముక్క కొలతలు ఉంటాయి, గడువు ఉంటుంది, చిప్స్ తిరిగి ఇవ్వాలన్న మాట చాలాచోట్ల ఉండదు.

ఆ బస్తా చివరకు ఉక్కు కరిగించే ఇండక్షన్ ఫర్నేసుకు చేరితే అందులోని టంగ్‌స్టన్ ఉక్కులో నెమ్మదిగా కరుగుతూ, కరగనిది అడుగుకు దిగుతూ, ఇళ్ల కట్టుబడికి వాడే కడ్డీలలో ఎవరికీ అక్కరకు రానంత స్వల్ప శాతంగా చెదిరిపోతుంది. అక్కడి నుంచి దానిని మళ్లీ వెనక్కు తీయడం ఆర్థికంగా అసాధ్యం. అదే చిప్స్ విడిగా ఉంటే తిరిగి పొడి చేయడం కొత్త విద్య ఏమీ కాదు. శుభ్రం చేసిన చిప్స్‌ను గాలిలో 800, 900 డిగ్రీల దగ్గర కాలిస్తే మొత్తం ఆక్సైడులుగా మారి పెళుసెక్కుతుంది. దానిని నూరి, జల్లించి, ముందు చెప్పిన హైడ్రోజన్ ఫర్నేసులోనే నడిపిస్తే టంగ్‌స్టన్, నికెల్, ఇనుము మూడూ కలిసే ఉన్న పొడి వస్తుంది. ఆ మూడింటినీ మళ్లీ విడదీయవలసిన పని లేదు, ఎందుకంటే మనకు కావలసిన మిశ్రమం అదే. తగ్గిన పాళ్లను సరిచేసుకుంటే చాలు. ఖనిజం నుంచి మొదలుపెడితే ఆమ్లాలూ, క్షారాలూ, ద్రావణాలతో ఎన్నో దశలు దాటాలి. ఈ దారిలో అవన్నీ తప్పుతాయి.

అయితే షరతు ఒక్కటే, కఠినమైనది: చిప్స్ ఏ గ్రేడువో (అంటే ఏ రకం మిశ్రమానివో) ఆ గ్రేడుగా, శుభ్రంగా ఉండాలి. ఉక్కు చిప్స్ కలిస్తే ఇనుము పాలు పెరిగి, పైన చెప్పిన పెళుసు సమ్మేళనం పుడుతుంది. నికెల్–రాగి గ్రేడు కలిస్తే ద్రవం ఏర్పడే ఉష్ణోగ్రతే మారిపోయి, నిన్నటి ఫర్నేసు షెడ్యూలు ఇవాళ పనికిరాకుండా పోతుంది. కటింగ్ ఆయిల్ సంగతి ఇంకా చెడ్డది. టూలు అరగకుండా ఉండడానికి చాలా నూనెలలో గంధకం, భాస్వరం కలిగిన పదార్థాలు కలుపుతారు. ఈ రెండు మూలకాలూ అతి స్వల్పంగా మిగిలినా, సింటర్ అయిన లోహం నెమ్మదిగా చల్లారేటప్పుడు టంగ్‌స్టన్ రేణువుకూ దాని చుట్టూ ఉన్న నికెల్ లోహానికీ మధ్యనున్న సరిహద్దుకు చేరి, ఆ పట్టును బలహీనపరుస్తాయి. లోపల ఇరుక్కున్న హైడ్రోజన్ కూడా అదే పని చేస్తుంది గాని, దానికి మందు ఉంది: వాక్యూమ్‌లోనో, ఆర్గాన్‌లోనో మళ్లీ వేడి చేస్తే వెళ్లిపోతుంది. గంధకం అలా పోదు. చిప్స్ దశలోనే కడిగి, కాల్చి వదిలించాలి. కడ్డీని లాగి చూసే తన్యతా పరీక్షలో 20 శాతానికి పైగా సాగవలసిన కడ్డీ రెండు మూడు శాతానికే విరిగినప్పుడు దోషాన్ని అందరూ ఫర్నేసు మీద మోపుతారు. అసలు కారణం ఏ బస్తాలో, ఏ నూనెలో మొదలయిందో వెతికేవారు తక్కువ. తిరిగి తయారైన పొడి అంటే నాసిరకం అన్న అపనమ్మకం కొనుగోలుదారులలో పాతుకుపోవడానికి ఇదే మూలమని నా అభిప్రాయం.

కాబట్టి కోరవలసింది పెద్ద పథకం కాదు. మొట్టమొదట, హెవీ అలాయ్ దిమ్మలను జాబ్‌వర్క్‌కు పంపే సంస్థలు, ముఖ్యంగా ప్రభుత్వరంగ సంస్థలు, ఆర్డరులోనే గ్రేడు పేరు రాసి, దిమ్మ బరువుకూ ముక్క బరువుకూ మధ్య తేడాను చిప్స్‌గా తిరిగి అప్పగించాలన్న షరతు పెట్టాలి. ఎంత దిమ్మ పంపారు, ఎంత ముక్క వచ్చింది, ఎంత చిప్స్ వచ్చింది అన్న మూడు అంకెలు కలవకపోతే ఆ తేడాకు ధర కట్టాలి. బంగారం పని చేయించేవారు తరతరాలుగా పాటిస్తున్న ఈ తూకపు పద్ధతిని టంగ్‌స్టన్‌కు వర్తింపజేయడానికి కొత్త చట్టం అక్కరలేదు. రెండో సంగతి మిషన్ షాపులదే: ఈ లోహం ఎక్కే రోజున ట్రే తుడిచి, మూత ఉన్న వేరే డబ్బా పెట్టడం, గంధకం లేని కూలెంట్ వాడడం. గ్రేడును పోల్చుకోవడం కూడా కష్టం కాదు. చేతిలో పట్టుకుంటేనే బరువు తెలుస్తుంది. అయస్కాంతం దగ్గర పెడితే నికెల్–ఇనుము రకాన్ని కొద్దిగా లాగుతుంది, నికెల్–రాగి రకాన్ని లాగదు. అనుమానం ఉన్నచోట లోహంలో ఏయే మూలకాలున్నాయో చూపే ఎక్స్‌రే గన్‌తో అర నిమిషంలో తేలిపోతుంది.

ఆ గన్నులు కొనే స్తోమత పది లేత్‌ల షాపుకు ఉండదన్న అభ్యంతరం న్యాయమైనదే. తుమకూరు రోడ్డు మీద పీణ్యకు దగ్గరలోనే సెంట్రల్ మాన్యుఫాక్చరింగ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. హైదరాబాదులో పౌడర్ మెటలర్జీ, కొత్త పదార్థాల కోసం ఏర్పడిన పరిశోధనా కేంద్రం ఏఆర్‌సీఐ ఉంది, హెవీ అలాయ్ మీద దశాబ్దాల అనుభవం గల రక్షణశాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఉంది. పరిశ్రమల సంఘాలు ముందుకు వచ్చి ఇలాంటి సంస్థలతో మాట్లాడి, నెలకు ఒకసారి చిప్స్ నమూనాలను పరీక్షించే ఏర్పాటు చేసుకోగలిగితే, ఒక్కొక్క షాపులో కిలోలలో పేరుకునే సరుకు సంఘం దగ్గర టన్నులలోకి చేరుతుంది. చిన్న మొత్తాలకు ఫర్నేసు నడపడం గిట్టదన్న మాటకు అదే సమాధానం. కీలక ఖనిజాల రీసైక్లింగ్‌కు కేంద్ర మంత్రివర్గం 2025 సెప్టెంబరులో 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని ఆమోదించింది. అందులో మూడో వంతు చిన్న, కొత్త సంస్థలకు కేటాయించారు. ఆ ప్రకటనలో పాత ఎలక్ట్రానిక్ వస్తువులు, లిథియం బ్యాటరీలు ప్రధానంగా కనబడ్డాయి, వాహనాల క్యాటలిటిక్ కన్వర్టర్ల వంటి ఇతర తుక్కు ప్రస్తావన కూడా ఉంది. టంగ్‌స్టన్ 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో ఉన్నదే గనుక, లేత్ చిప్స్‌ను కూడా ఆ పథకం పరిధిలో స్పష్టంగా పేర్కొనాలని కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రజాప్రతినిధులు సంబంధిత మంత్రిత్వశాఖను కోరవచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఇది లాభసాటి అని తెలిసిన వెంటనే షెడ్డులో రేకుల కింద హైడ్రోజన్ సిలిండర్లు పెట్టి ఫర్నేసు నడిపేవారు బయలుదేరతారు. గాలిలో 4 శాతం దాటితే చాలు, హైడ్రోజన్ అంటుకుంటుంది. నికెల్ పొడి చర్మానికీ, ఊపిరితిత్తులకూ హానికరం. సన్నని లోహపు పొడులు కొన్ని తమంతట తామే రాజుకోగలవు. చిప్స్‌ను వేరుచేసి, కడిగి, తూచి భద్రపరచడం వరకు ప్రతి షాపులోనూ జరగవచ్చు గాని, కాల్చడం, నూరడం, హైడ్రోజన్‌లో నడపడం తగిన అనుమతులూ గాలి వడపోత ఏర్పాట్లూ ఉన్నచోట మాత్రమే జరగాలి. ఈ హద్దును అధికారులు మొదటి రోజు నుంచే స్పష్టంగా గీయాలి.

పీణ్యలోని మిషన్ షాపులలో చిత్తూరు, అనంతపురం, కర్నూలు ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు ఆపరేటర్లు ఎందరో పనిచేస్తున్నారు. మీ బెంగళూరు ఎడిషన్ చదివేవారు వారిలో చాలామంది ఉన్నారు. కనుక ఈ ఉత్తరం అచ్చయితే ఒక విన్నపం నేరుగా వారికే చేరుతుంది: బరువుగా తోచిన దిమ్మ లేత్ మీదికి వచ్చినప్పుడు అది ఏ గ్రేడో సూపర్‌వైజరును అడిగి, డబ్బా మీద చాక్‌పీసుతోనైనా ఆ పేరు రాసి ఉంచండి. తరువాతి పని ఎవరు చేసినా, ఆ పేరు లేనిదే మొదలుపెట్టలేరు.

ఇట్లు,
ఒక పౌడర్ మెటలర్జీ ఇంజనీరు,
పీణ్య, బెంగళూరు